పద్నాలుగో అక్టోబరు

ఎల్లర్‌ష్టెట్ నాటకశాలలో అక్టోబరు వచ్చిందంటే చాలామందికి తిండి సయించదు. నటులకీ గాయకులకీ అందరికీ ఏడాది ఒప్పందాలే. వచ్చే ఏడు అక్కర్లేదనుకున్నవాళ్ళని ఆ నెలాఖరులోపు డైరెక్టరు పిలిచి చెప్పెయ్యాలి. నెల దాటితే ఒప్పందం దానంతటదే ఇంకో ఏడు సాగినట్టే. అందుకని ఆ రోజుల్లో డైరెక్టరు గది ముందునుంచి పోవాల్సినవాళ్ళు కూడా చుట్టు తిరిగి వెనక మెట్లమీంచి పోయేవాళ్ళు.

వీబ్కె టోనియెస్ కూడా వెనక మెట్లే ఎక్కేది. ఆవిడ అక్కడ రెండో కండక్టరు. పెద్ద కండక్టరుకి ఒంట్లో బాగోకపోయినా, పిల్లల కోసం మధ్యాహ్నపు ఆటలున్నా ఆవిడే కర్ర పట్టుకుని వాద్యబృందాన్ని నడిపించేది. ఉత్తర సముద్రం ఒడ్డున రొట్టెలు కాల్చేవాడి కూతురు. కాళ్ళు కింది పెడళ్ళకి సరిగ్గా అందని వయసులోనే ఊరి చర్చిలో ఆర్గన్ వాయించింది. హానోవర్‌లో చదువుకుని, గాయకులకి పియానో మీద పాటలు వల్లె వేయించే పనిలో ఇక్కడ చేరి, మెల్లగా కర్ర దాకా వచ్చింది.

బెర్లిన్ గోడ కూలడానికి ముందు ఏడు అది. నాటకశాల క్యాంటీన్లో పెద్ద బూర వాయించే డెట్లెఫ్ ఆవిడ ఎదురుగా కూర్చుని సాసేజి కోసుకుంటున్నాడు. వాద్యగాళ్ళ యూనియన్ గట్టిది కాబట్టి అతనికి ఈ బెడద లేదు.

“ఏం మేడమ్, ఈ నెల గట్టెక్కితే ఇంక మిమ్మల్ని కదిపేవాడుండడు. పదిహేనేళ్ళు నిండినవాళ్ళని తియ్యడానికి వీల్లేదుగా, గోడలో ఇటుకే మీరు.”

“అందుకే పద్నాలుగో ఏట ఇటుక పీకేస్తారు, డెట్లెఫ్.”

“ఛ, మిమ్మల్నా? మీరు పోతే నా అపశ్రుతులు ఎవరు కప్పెడతారు?”

ఆవిడ నవ్వింది గానీ చేతిలో చెంచా సూపులో ఊరికే తిరుగుతోంది.

ఇంటికెళ్తే మొగుడు ఎకార్ట్ కసురుకున్నాడు. బజారు వీధిలో కళ్ళద్దాల కొట్టు అతనిది. “మళ్ళీ మొదలెట్టావా? ఏటేటా ఇదే గోల. ఇప్పటిదాకా ఏమైనా అయిందా?”

“ఇప్పటిదాకా కాలేదనేగా నా భయం.”

నెల ఇంక నాలుగు రోజుల్లో అయిపోతుందనగా, రిహార్సలు మధ్యలో కబురొచ్చింది. డైరెక్టరు గారు కాఫీకి రమ్మన్నారని. వాద్యగాళ్ళు వాయిద్యాలు దించారు. ఆ కాఫీ ఎలాంటిదో అందరికీ తెలుసు.

డైరెక్టరు బ్రాండిస్ తనే కప్పులో పోసి ఇచ్చాడు. “టోనియెస్ గారూ, మీ పనికి వంక పెట్టేవాడు లేడు.”

“అలా మొదలెట్టారంటే నాకు అర్థమైంది లెండి.”

“కొంచెం కొత్త గాలి కావాలనుకుంటున్నాం. కళకి సంబంధించిన కారణాలు...”

“ఏ కారణాలు? ఏ ఆటలో తప్పు చేశానో చెప్పండి.”

అతను కిటికీలోంచి బయటికి చూశాడు. “మీకు తెలియందేముంది? పదిహేను నిండితే నా చేతులు కట్టేసినట్టే.”

“పోనీ, ఒక్క నిజమైనా చెప్పారు.”

ఆవిడ తిరిగొచ్చి, ఆపిన చోటునుంచే రిహార్సలు మొదలుపెట్టింది. కర్ర ఒకచోట తడబడింది. ఆ తడబాటుని ఎవరూ వాయించలేదు. అందరూ లయ తప్పకుండా ముందుకి సాగారు.

విచిత్రమేమిటంటే ఆ రాత్రి ఆవిడకి ఒళ్ళు తెలీని నిద్ర పట్టింది. ఏళ్ళ తరబడి గుమ్మంలో నిలబడ్డ భయం లోపలికొచ్చి కూర్చుంది మరి. తెల్లారేసరికి ఇంకోటి తయారు: ఇప్పుడు నేనేం చెయ్యాలి?

దరఖాస్తులు పెట్టింది. ఒకచోట వయసు ఎక్కువన్నారు. ఇంకోచోట, “మీరిక్కడికొస్తే ఇంట్లో వంటెవరు చేస్తారండీ?” అని అడిగారు. “ఇప్పుడు చేసేవాడే, మా ఆయన,” అంది. ఉద్యోగం రాలేదు.

చివరికి ఊళ్ళోనే సంగీత పాఠశాలలో పిల్లల బృందాన్ని అప్పగించారు. వయొలిన్లు కుప్పలు తెప్పలు, వాటికంటే కాస్త పెద్దదైన వయోలా ఒక్కటీ లేదు. మొదటిరోజు ఆవిడకి పట్టిన చెమట ఏ ఒపెరా రాత్రీ పట్టలేదు. పెద్దవాళ్ళు భయపడితే తప్పు వాయిస్తారు, పిల్లలు విసుగొస్తే వాయించడం మానేసి కిటికీలోంచి చూస్తారు. ఆవిడ కర్ర పక్కన పెట్టి, అందరిచేతా కలిసి ఊపిరి పీల్పించింది. ఊపిరి కలిస్తే మొదటి స్వరం కలుస్తుంది. అలా మొదలై, ఏళ్ళు గడిచాయి.

ఆ పిల్లల్లో యెట్టె ఆలెర్స్ ఒకతి. తనకంటే పొడుగైన డబుల్ బేస్ వాయించేది. పదిహేడో ఏట ఒకరోజు, “టీచర్, ఒక్కసారి నేను నడిపించనా?” అంది. చెయ్యెత్తగానే బృందం ఆ పిల్ల వైపు వాలింది. చూసి వీబ్కె గుండె గుభేలుమంది. పిల్లకి నిజంగానే ఉంది ఆ విద్య.

“ఇది నీకొద్దే. కళ్ళద్దాల పని నేర్చుకో, మా ఆయన నేర్పుతాడు,” అంది.

“మరి మీరెందుకు నేర్చుకోలేదు?”

ఆవిడ ఉన్నదున్నట్టు చెప్పేసింది. వెనక మెట్లూ, డైరెక్టరు కాఫీ, వంట ప్రశ్నా, అన్నీ. యెట్టె శ్రద్ధగా విని, “సరే టీచర్. కండక్టరు చదువుకి ప్రవేశపరీక్ష ఏ ఊళ్ళో?” అంది.

పరీక్షకి వీబ్కె తనే కారులో తీసుకెళ్ళింది. తలుపవతల వాద్యాలు మొదలవుతున్నాయి, ఆగిపోతున్నాయి. ఆగినప్పుడల్లా ఆవిడ ప్రాణం ఎగిరిపోతోంది. యెట్టె బయటికొచ్చి తల అడ్డంగా ఊపింది. ఆ క్షణంలో వీబ్కెకి హమ్మయ్య అనిపించింది. అనిపించినందుకు సిగ్గేసింది. దారిలో ఆగి తింటుంటే ఆ పిల్ల బంగాళాదుంప ముక్కల మీద కన్నీళ్ళు కార్చుకుంటూ కూర్చుంది.

“వచ్చే ఏడు మళ్ళీ వెళ్దాం,” అంది వీబ్కె. ఆ మాట తన నోట్లోంచే వచ్చిందా అని తనకే ఆశ్చర్యం.

మరుసటేడు చోటు దొరికింది. చదువయ్యాక దక్షిణాన చిన్న నాటకశాలలో యెట్టె మొదటి ఒపెరా నడిపించినప్పుడు, అప్పటికి పాఠశాల నుంచి రిటైరైన వీబ్కె, ఎకార్ట్‌తో కలిసి మూడో వరసలో కూర్చుంది. పాట ఏదో, కథ ఏదో ఒక్క ముక్క బుర్రకెక్కలేదు. పిల్ల చెయ్యి ఎత్తితే ఊపిరి బిగపట్టడం, దింపితే వదలడం, అంతే.

చప్పట్లు మొదలయ్యాక ఎకార్ట్ చెవిలో అన్నాడు: “అయిపోయిందే, ఇక నా చెయ్యి వదులు.”

చూస్తే అతని అరచేతిలో ఆవిడ గోళ్ళు ఎర్రగా దిగి ఉన్నాయి.