నేను చెప్పిన సాక్ష్యాన్ని నేనే వెనక్కి తీసుకున్నాను

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, అక్కలారా, చెల్లెళ్ళారా, కాస్త దగ్గరగా జరిగి కూర్చుని ఈ సుగుణమ్మ చెప్పేది వినండి, చదువు వచ్చినవాళ్ళు పక్కనున్నవాళ్ళకు చదివి వినిపించండి, ఎందుకంటే నేను నాలుగో తరగతిలో బడి మానేసినదాన్ని, నాకు రాయడంకంటే చెప్పడమే వచ్చు. మాది పెదపాడు దగ్గర పల్లె. నేనూ మా ఆయనా ఊడ్పులకూ కోతలకూ వెళ్ళేవాళ్ళం, ఆ పనులు లేనప్పుడు చేపల ప్యాకింగుకు వెళ్ళేవాళ్ళం. మాకు ఒక్కడే కొడుకు, జాన్‌బాబు. కొల్లేరులో చేపల చెరువుల గట్లు ప్రభుత్వం కొట్టేయకముందు, సెల్‌ఫోన్లు కొత్తగా వస్తున్న రోజుల్లో, వాడికి పదహారేళ్ళప్పుడు జరిగిన సంగతి ఇది.

వాడు ఇంటర్ చదవడానికి ఏలూరు వెళ్ళి, చదువు మానేసి ఒక బ్యాచ్‌లో చేరాడు. ఆ కుర్రాళ్ళంతా ఒక గదిలో కూర్చుని, వీసీడీలు అద్దెకు తెచ్చుకుని, కత్తి పట్టిన హీరో నడిచొస్తుంటే జనం పక్కకు తప్పుకునే సినిమాలు చూసిందే చూసి, తామూ అలాగే నడవడం మొదలుపెట్టారు. వాళ్ళ నడక చూసి చెరువుల వ్యాపారం చేసే ఒకతను వాళ్ళను చేరదీశాడు. అతన్ని అందరూ పెద్దన్న అనేవారు. ఒక చెరువు గురించి అతనికీ ఇంకో వర్గానికీ తగాదా ఉంది. తాను ముందుకు రాకుండా ఈ పిల్లలకు బైకులిచ్చి, బిర్యానీలు పెట్టి, మీరంతా నా తమ్ముళ్ళే అంటూ భుజాలమీద చేతులేసి, అవతలివాళ్ళ కాపలా మనుషులను బెదిరించడానికి పంపేవాడు. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. మావాడు నాతో చెరువు దగ్గర సూపర్‌వైజర్ ఉద్యోగం వచ్చిందన్నాడు, నేను నమ్మాను. నమ్మాలని ఉంది గనక నమ్మాను.

అంతటితో ఊరుకోలేదు. ఆ ఆదివారమే చర్చిలో సాక్ష్యాల సమయంలో లేచి, దేవుడు నా కొడుకును నిలబెట్టాడని, బండి ఇచ్చాడని, ఫోను ఇచ్చాడని చెప్పాను. సంఘమంతా చప్పట్లు కొట్టింది. బయటికి వచ్చాక, నా వెనక వరసలో కూర్చునే రత్నమ్మ, భర్త పోయిన మనిషి, నా చేయి పట్టుకుంది.

"వదినా, మా కిరణ్‌గాడికి కూడా ఆ ఉద్యోగమేదో ఇప్పించవా? పదిహేనేళ్ళొచ్చాయి, గేదెను కూడా సరిగ్గా తోలడు."

"జాన్‌బాబుతో చెప్తాలే వదినా. దేవుడున్నాడు."

మరుసటి వారమే కిరణ్ కూడా చెరువుకు వెళ్ళాడు.

రెండు నెలలు గడిచాయి. ఒక శనివారం ఇల్లు ఊడుస్తుంటే మంచం కింద చేపల మేత సంచికి చీపురు తగిలి గలగలమంది. విప్పి చూస్తే ఇనుప రాడ్లు, సైకిల్ గొలుసులు, రెండు కత్తులు. జాన్‌బాబు భోజనానికి వచ్చినప్పుడు అడిగాను.

"ఇవేంట్రా?"

"చేపల్ని కొట్టడానికి."

"గొలుసుతో చేపల్ని కొడతారంట్రా? ఇరవై ఏళ్ళు చేపల పని చేసిన దానికా చెప్తున్నావు?"

వాడు కంచం పక్కకు జరిపాడు. "రేపు పదకొండింటికి చెరువుగట్టుమీద మావాళ్ళూ అవతలివాళ్ళూ తేల్చుకుంటారమ్మా. ఆ టైముకి ఊరంతా చర్చిలో ఉంటారు, చూసేవాళ్ళుండరని పెద్దన్న ఆ టైమే పెట్టాడు."

"నువ్వెళ్ళకు నాన్నా."

"వెళ్ళకపోతే మావాళ్ళే నన్ను కొడతారు. కిరణ్‌గాడూ వస్తున్నాడు. కొత్తోడు కదా, ధైర్యం చూడాలని వాణ్ణి ముందు నిలబెడతారంట."

సంచి బండికి కట్టుకుని వెళ్ళిపోయాడు. మా ఆయన పోలీస్‌స్టేషనుకు బయలుదేరితే, సహోదరులారా, పరువు పోతుందని నేనే అడ్డుపడ్డాను. మోకాళ్ళమీద పడి, "ప్రభువా, నా కొడుకును కాపాడు, కాని ఎవరికీ తెలియకుండా కాపాడు" అని ప్రార్థన చేశాను. అలాంటి ప్రార్థన చేసిన నోరు ఇది.

ఆదివారం ఆరాధనకు వెళ్ళాను. నా వెనక రత్నమ్మ గొంతెత్తి పాడుతోంది. కొడుకు ఉద్యోగంలో ఉన్నాడన్న సంతోషం ఆ గొంతులో వినబడుతుంటే నా వీపు కాలిపోతున్నట్టుంది. దేవుని మేలులు చెప్పేవాళ్ళెవరైనా ఉన్నారా అని పాస్టరు అయ్యగారు అడిగారు. నా కాళ్ళు ఎలా లేచాయో ఇప్పటికీ తెలియదు.

"అయ్యగారూ, నేనిక్కడ చెప్పిన సాక్ష్యం అబద్ధమండీ. వెనక్కి తీసుకుంటున్నానండీ."

సంచి సంగతి, గట్టు సంగతి, కిరణ్ సంగతి అన్నీ చెప్పేశాను. రత్నమ్మ లేచి, "నా కొడుకునా ముందు నిలబెట్టేది వదినా?" అంది.

అయ్యగారు గడియారం చూశారు. పదకొండుకు ఇరవై నిమిషాలుంది. సెల్ ఉన్న సంఘపెద్దతో స్టేషనుకు ఫోన్ చేయించి, "మిగతా ఆరాధన చెరువుగట్టు మీద చేసుకుందాం, చాపలు చుట్టండి" అన్నారు.

"ప్రభువు బల్ల, రొట్టె, ద్రాక్షరసం అన్నీ సిద్ధం చేసి ఉన్నాయండీ అయ్యగారూ," అన్నాడు సంఘపెద్ద.

"అదీ పట్టుకురండి."

తెల్లచీరల ఆడవాళ్ళం, ముసలివాళ్ళు, చంటిపిల్లల తల్లులు, కంజరలు వాయిస్తూ పాడుకుంటూ గట్టెక్కాం. ఆ చివర అవతలి వర్గం గుంపు, ఈ చివర మా పిల్లల గుంపు, అందరూ మీసాలు రాని పిల్లలే. మధ్యలో చాపలు పరిచి కూర్చున్నాం. ఊళ్ళో సగం కాన్పులు చేసిన మరియమ్మ మామ్మ, ముఖానికి గుడ్డ కట్టుకున్న ఒకణ్ణి చూసింది.

"ఒరేయ్, గుడ్డ కట్టుకుంటే ఎరగననుకున్నావా? నీకు బొడ్డు కోసింది నేనే. మీ అమ్మేదిరా?"

వాడు గుడ్డ తీశాడు. "ఇంట్లో ఉంది మామ్మా."

"పోయి పిలుచుకురా, అయ్యగారు ప్రసంగం ఎత్తుకోకముందే."

రెండు గుంపుల్లోనూ నవ్వారు. పెద్దన్న కారు దిగి, ఇది తన చెరువని, అందరూ లేవాలని అరిచాడు. "పావుగంట ఓపిక పట్టండి బాబూ, ఆరాధన మధ్యలో ఆపకూడదండీ" అన్నారు అయ్యగారు. మా అయ్యగారి పావుగంట ఎంతసేపో మా సంఘానికి తెలుసు.

అందరికంటే ముందు కత్తి పట్టుకుని కిరణ్ నిలబడి ఉన్నాడు. రత్నమ్మ వెళ్ళి, వాడి మణికట్టు పట్టుకుని తెచ్చి పక్కన కూర్చోబెట్టుకుంది. జాన్‌బాబు మాత్రం కదలలేదు. అప్పుడు, ఎన్నడూ పైకి ప్రార్థన చేయని మా ఆయన లేచి, "ప్రభువా, నాకు మాటలు రావు. వాడు నా కొడుకు. వాణ్ణి నా పక్కకు తీసుకురా" అన్నాడు, అంతే. మావాడు చేతిలో రాడ్డు గడ్డిలో పడేసి వచ్చి వాళ్ళ నాన్న పక్కన కూర్చున్నాడు. తర్వాత ఒకడు, ఆ తర్వాత ఇద్దరు, ఆ చివర నుంచి కూడా. పోలీసు జీపు వచ్చేసరికి పెద్దన్న కారు లేదు, ఇనుమంతా గడ్డిలో పడి ఉంది, మేము ప్రభువు బల్లలో చేయి వేస్తున్నాం. ఒక్క దెబ్బ పడలేదు, ఒక్క చుక్క రక్తం కారలేదు. దేవునికే మహిమ.

మర్నాడు జాన్‌బాబు వాళ్ళ నాన్నతో స్టేషనుకు వెళ్ళి జరిగిందంతా చెప్పాడు. పెద్దన్న మీద కేసయింది. కొన్నాళ్ళు బెదిరింపులొస్తే సంఘంలో మగవాళ్ళు వంతులవారీగా మా ఇంటికి కాపలా ఉన్నారు. ఇప్పుడు మావాడు తాడేపల్లిగూడెంలో లేత్ పని చేస్తున్నాడు. వాడికి కోపం ఇంకా ఉంది, కాని ఆ చేతులు మళ్ళీ ఎవరిమీదా లేవలేదు. కిరణ్ ఉంగుటూరులో ఆటో నడుపుతున్నాడు. రత్నమ్మ ఏడాదిపాటు నాతో మాట్లాడలేదు, అది నాకు తగినదే. ఒక ఉపవాస ప్రార్థన రోజున వచ్చి, "జరుగు వదినా" అని నా పక్కన కూర్చుంది.

సహోదరులారా, దేవుడు నా కొడుకును విడిపించడానికి ముందు నన్ను నా పరువు నుంచి విడిపించాడు. మీ బిడ్డ సంగతి దాచిపెట్టుకుని ఒంటరిగా ఏడుస్తున్న తల్లులెవరైనా ఉంటే లేచి చెప్పండి. ఆయన సిగ్గుపరచడు, నమ్మండి, ఆయన ప్రజలు మీతో నడిచి వస్తారు. ఇది విన్న మీ ఇంట కొడుకులూ కూతుళ్ళూ చల్లగా ఉందురు గాక, మీ పొయ్యి ఆరకుండును గాక, మీ గుమ్మం దాటి వెళ్ళిన ప్రతి బిడ్డనూ ఆయన క్షేమంగా మీ కంచం దగ్గరికి నడిపించును గాక. ఆమేన్.