స్తుతి వంతు పాట

రెబ్కాకి గుడారం ఇచ్చారు. నీలం గుడ్డది, గొడుగు తెరిచినట్టు తెరుచుకునేది. పాడటానికి వచ్చినవాళ్ళందరికీ తలా ఒకటి ఇస్తూ ఆవిడకి మాత్రం ఎందుకు ఇవ్వకూడదని శ్రీరమ్య పట్టుబట్టింది. నిజానికి రెబ్కా ఇల్లు అక్కడికి కూతవేటు దూరం. ఇంట్లో ఫ్యానుంది, మంచముంది. అయినా ఆ పిల్ల ముచ్చట కాదనలేక, నడుం వంచి లోపలికి దూరింది. దూరినంతసేపు పట్టలేదు, చెంగుతో ముఖం తుడుచుకుంటూ బయటికి వచ్చింది.

"ఇదేంటమ్మాయ్, ఇడ్లీ పాత్రలా ఉంది! మనుషుల్ని ఉడకేస్తారా ఇందులో?"

"సాయంత్రానికి చల్లబడుద్దిలే ఆంటీ."

"సాయంత్రందాకా ఉంటే కదా" అంది రెబ్కా. నవ్వుతూనే అంది గానీ, ఆ మాట లోపలెక్కడో గుచ్చుకుంది. పొద్దు వాలాక ఆవిడ పాడాలి. అది తలుచుకున్నప్పుడల్లా కాళ్ళు ఒకచోట నిలవడం లేదు.

శ్రీరమ్య గుంటూరు పిల్ల. ఇంజనీరింగ్ మధ్యలో వదిలేసి గిటారు పట్టుకుంది. తనలాంటి వాళ్ళని పోగేసి, దాచేపల్లి రోడ్డులో ఉన్న ఈ ఊళ్ళో రెండు రోజుల పాటల మేళా పెట్టింది. ఎవరి పాటలు వాళ్ళే కట్టుకునే చిన్న చిన్న బ్యాండ్లు, వినడానికి వచ్చే వందమందో ఇంకాస్త ఎక్కువమందో, గుడారాల్లో మకాం. ఇందులో సినిమా పాటలుండవు, దేవుడి పాటలుండవు అని చెప్పినప్పుడు రెబ్కా వాళ్ళ పాస్టరుగారు నిజంగానే అడిగారు, "మరి ఇంకేం మిగిలినయ్యమ్మా?" అని.

మిగిలింది రెబ్కా లాంటివాళ్ళ పాట. మిరప కోతల్లో పొద్దు నడినెత్తికొచ్చి, వంగిన నడుములు పైకి లేవనని మొరాయించే వేళకి ఆవిడ ఒక ప్రశ్న ఎత్తేది. పక్క సాలులోంచి ఆవిడ తోడికోడలు స్తుతి దానికి జవాబు అందుకునేది. ప్రశ్నలు రోజూ అవే. జవాబు మాత్రం ఏ రోజుకారోజు కొత్తది. జవాబు వచ్చిందాకా ప్రశ్న అడిగినామె ముందుకి కదలకూడదు, అదీ ఆ పాట పద్ధతి. స్తుతికి తొందరుండేది కాదు. గుప్పెడు కాయ కోసి, సంచిలో వేసి, కొంగు సర్దుకుని, "ఏమే, నిద్దరపోయావా?" అని సాలంతా కేకలేసే దాకా ఆగి, అప్పుడు తీరిగ్గా విసిరేది జవాబు. ఆ దెబ్బకి చేనంతా నవ్వులే. మేస్త్రి కూడా నవ్వేవాడు, తన మీదే వేసిందని తెలిసినా.

కిందటేడు కోతలప్పుడు శ్రీరమ్య, మైకులు చూసే కోటేష్ చేలోకి వచ్చి ఆ పాటని రికార్డు చేసుకుపోయారు. డిసెంబరులో స్తుతికి జ్వరం వచ్చింది. క్రిస్మస్‌కి పెట్టెలోంచి తీసిన కొత్త చీర కట్టుకోకుండానే పోయింది. ఈ ఏడు కోతల్లో రెబ్కా నోరు తెరవలేదు. ప్రశ్న అడిగితే పక్క సాలు ఊరికే ఉంటుంది. ఆ ఊరికే ఉండటాన్ని వినలేక అడగడమే మానేసింది. చర్చిలో కూడా పెదాలు కదిపేది, అంతే. శ్రీరమ్య వచ్చి పాడాలని అడిగినప్పుడు సరేనని ఎందుకందో ఆవిడకే తెలియదు.

ఆ పూట ఆవిడ భయాన్ని కాసేపు మరిపించింది మిరపకాయ ఎండబోసే కల్లం.

చోటు చూపించింది ఆవిడే. కాయంతా టిక్కీ బస్తాల్లో తొక్కించి గుంటూరు యార్డుకి పంపేశాక కల్లం ఖాళీగా పడుంది. చదును నేల. ముల్లూ రాయీ లేకుండా ఊడ్చి ఉంది. అంతకంటే మంచి చోటు ఎక్కడ దొరుకుతుందనుకుంది. ఏటా ఎండు కాయల మధ్యే తిరిగే ముక్కులకి ఘాటు తెలియడం ఎప్పుడో మానేసింది. ఊళ్ళో ఒక్కరికీ ఆ సంగతి తట్టలేదు. పిల్లలు గుడారాలు వేశారు, మేకులు దిగేశారు, చాపలు దులిపారు. ఎండకి నేల కాగి, మట్టిలో ఇంకిన కారమంతా పైకి లేచింది. ముందు ఒక తుమ్ము. తరవాత అన్ని గుడారాల్లోంచీ దగ్గులు.

"ఆంటీ, ఇక్కడ ఏం కాల్చారు?" శ్రీరమ్య ముక్కుకి చున్నీ అడ్డం పెట్టుకుని వచ్చింది.

"ఏం కాల్చలేదే! కల్లమేగా."

"కల్లమంటే?"

రెబ్కా నెత్తిన కొట్టుకుంది. "అయ్యో నా మతి మండా! ఏటా కాయ ఎండేది ఇక్కడేగా!"

బెంగళూరు నుంచి వచ్చిన డ్రమ్ముల కుర్రాడు అప్పటికే కళ్ళు నులుముకుంటున్నాడు. "నులమొద్దు! ఆ చేతుల్తోనే నులుముతున్నావేంటయ్యా!" అని అరుస్తూ పరిగెత్తింది. ఎవరింట్లోంచో చల్ల తెప్పించి, గుడ్డ తడిపి కళ్ళ మీద వేసింది. "పెద్దమ్మా, మా పాటలు నచ్చకపోతే చెప్పాలి గానీ ఇలా పొగపెట్టి తరమాలా?" అని కోటేష్ ఒకపక్క దగ్గుతూనే ఎగతాళి. మిట్టమధ్యాహ్నం ఎండలో గుడారాలన్నీ పీకి, నీళ్ళు ఆపేసిన సాగర్ కాలువ గట్టుకి, తుమ్మచెట్ల కిందకి మార్చారు. రెబ్కా అందరికంటే ఎక్కువ మోసింది. చేతిలో పనున్నంతసేపు ఊపిరి ఆడింది. ఆఖరి మేకు దిగ్గొట్టాక మళ్ళీ కాలు నిలవలేదు. గట్టు మీద అటు నాలుగు బారలు, ఇటు నాలుగు బారలు తిరగసాగింది. చేతివేళ్ళు వాటంతటవే లేని కాయకి తొడిమలు తీస్తున్నాయి.

"ఒకసారి చూసుకుందామా పెద్దమ్మా?" కోటేష్ మైకు పట్టుకొచ్చాడు. పక్క ఊరివాడు, ముప్పై దాటినవాడు. "మీకొకటి చెప్పాలి. కిందటేడు మీ ఇద్దరికీ చెరో మైకు తగిలించాం కదా. స్తుతి పిన్నిది విడిగా ఉంది. మీరు అడగండి, ఆవిడ చేత జవాబు చెప్పిస్తా."

రెబ్కా వాడి వంక చూసింది.

అప్పుడే గట్టు కింద ఆటో ఆగింది. సాల్మన్ మంచినీళ్ళ క్యాన్లు తెచ్చాడు. స్తుతి భర్త. ఆ మాట అతని చెవిన పడనే పడింది. క్యాను భుజం మీద పెట్టుకునే నిలబడిపోయాడు.

"దాని గొంతుందా మీ దగ్గర?"

"ఉంది బాబాయ్."

సాల్మన్ క్యాను దించాడు. "పెట్టించు వదినా. ఒక్కసారి. నా ఫోన్లో ఫోటోలున్నయ్ గానీ మాట లేదు."

రెబ్కా వెళ్ళి మైకు ముందు నిలబడి, గొంతు సవరించుకుని ఎత్తింది.

*పొద్దు ఎందాక వచ్చిందే చెల్లే?*

స్పీకర్లోంచి స్తుతి పలికింది. *మేస్త్రి మీసందాక వచ్చిందే అక్కో!*

సాల్మన్ గభాలున కింద కూర్చున్నాడు. రెబ్కా రెండో ప్రశ్న ఎత్తింది. *ఎవరు కోసిన కాయ ఎవరింట...* అంటుండగా మధ్యాహ్నం మింగిన ఘాటు గొంతుకి అడ్డం పడి దగ్గొచ్చింది. ప్రశ్న సగంలో తెగింది. స్తుతి ఆగలేదు. *మనం కోసిన కాయ మన కంట ఎండిందే అక్కో* అని, ఎవరూ అడగని దానికి జవాబిచ్చేసి, అడగబోయే దానికి కూడా ఇచ్చేస్తూ వెళ్ళిపోయింది.

"ఆపెయ్! ఆపెయ్యయ్యా!"

కోటేష్ ఆపేశాడు. "టైమింగ్ కొంచెం సరిచేస్తా పెద్దమ్మా, మీరు కొద్దిగా త్వరగా..."

"అది నన్ను తొందరపెట్టడమేంటి?" రెబ్కా మైకుని పక్కకి నెట్టింది. "పుట్టి బుద్ధెరిగాక అది ఎవర్నీ తొందరపెట్టిన మనిషి కాదు. ఎదుటి మాట వినకుండా జవాబు చెప్పింది లేదు. మీ పెట్టెలోది స్తుతి కాదు."

"గొంతు దానిదే వదినా" అన్నాడు సాల్మన్, తల ఎత్తకుండా. "పాడకపోతే పాడకపోయావు. అది మాత్రం పెట్టనియ్యి. ఊరంతా వస్తది. ఒకసారి విననియ్యి."

ఆవిడ గట్టు దిగి, ఎండిన కాలువలోకి నడిచి, అటు దరి ఎక్కి, మళ్ళీ దిగి వచ్చింది. ఇంటికి పోతే పోవచ్చు, ఎవరూ ఏమీ అనరు. కానీ ఆ పిల్లలు పెట్టేస్తారు. ఊరంతా కూర్చుని వింటుంటే, స్తుతి అడిగేవాళ్ళు లేని జవాబులు చెబుతూ పోతుంది. ఊరు చప్పట్లు కొడుతుంది. ఇంట్లో తలుపు వేసుకున్నా స్పీకరు వినపడుతుంది. పోనీ పెట్టొద్దంటే, కింద కూర్చున్న ఆ మనిషి ఆ గొంతు కోసం ఇంకెవరిని అడగాలి?

తిరిగొచ్చి కోటేష్ ఎదురుగా నిలబడింది.

"నా గొంతు కూడా విడిగా ఉందా?"

"ఉంది."

"అది పెట్టు. ప్రశ్నలు అదే అడుగుద్ది. స్తుతి వంతు నేను పాడతా."

కోటేష్ పెట్టె మీటలు తిప్పి చూశాడు. "పెట్టొచ్చు. కాకపోతే మీరిద్దరూ పక్కపక్కనే ఉన్నారు కదా, మీ మైకులో కూడా పిన్ని గొంతు పడింది. తీసేద్దామన్నా పూర్తిగా పోదు. వెనకాల ఎక్కడో సన్నగా వినపడుతూనే ఉంటది."

"పోనియ్యొద్దు" అంది రెబ్కా. సాల్మన్ లేచి ఆటో వైపు వెళ్ళాడు. కోపమొచ్చిందేమోనని ఆవిడ చూస్తూ ఉండిపోయింది. అతను మిగిలిన క్యాన్లు దించుకొచ్చి, అన్నీ స్పీకరు పక్కనే వరసగా పెట్టి, వాటి దగ్గరే కూర్చున్నాడు.

పొద్దు వాలింది. వేడి గాలి తగ్గలేదు. ఊళ్ళోవాళ్ళు ఒకపక్క, కళ్ళు ఇంకా ఎర్రగా ఉన్న పిల్లలు ఒకపక్క గట్టు మీద సర్దుకున్నారు. స్పీకర్లోంచి రెబ్కా గొంతు వచ్చింది. కిందటేటి గొంతు. బరువు లేదు దానికి. ఏమీ తెలియదు దానికి. పక్కన మనిషి ఉందన్న ధీమాతో అడుగుతోంది.

*పొద్దు ఎందాక వచ్చిందే చెల్లే?*

అడిగి ఆగింది. ఆ ఆగడం స్తుతి కోసం ఆగినది. కాయ కోసి సంచిలో వేసుకునేంతసేపు, కొంగు సర్దుకునేంతసేపు. జనం కదిలారు. శ్రీరమ్య గాభరాగా చూసింది. రెబ్కా మాత్రం మొదటిసారి కదలకుండా నిలబడింది. స్పీకరు లోపలెక్కడో స్తుతి సన్నటి గొంతు లేవబోతున్నప్పుడు తనూ అందుకుంది.

*ఉడికిన గుడారాల్లో చెమటదాక వచ్చిందే అక్కో!*

పిల్లలు గొల్లుమన్నారు. రెండో ప్రశ్న వచ్చింది. *ఎవరు కోసిన కాయ ఎవరింట ఎండింది?* రెబ్కా మళ్ళీ ఆగింది. *మనం కోసిన కాయ బెంగళూరు కంట మండిందే అక్కో!* డ్రమ్ముల కుర్రాడికి ఎవరో అర్థం చెప్పినట్టున్నారు, లేచి దణ్ణం పెట్టాడు. జవాబు జవాబుకీ వెనక ఆ సన్నటి గొంతు తన పాత మాటలే పాడుతోంది. అవి ముందు కూర్చున్న వాళ్ళకి వినపడ్డాయో లేదో. స్పీకరు పక్కన కూర్చున్న సాల్మన్‌కి వినపడ్డాయి. అతను చెవి అటే పెట్టి, రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు.

ప్రశ్నలు అయిపోయాయి. చప్పట్లు కొట్టారు. శ్రీరమ్య వచ్చి కౌగిలించుకోబోతే రెబ్కా పక్కకి తప్పుకుని, పెట్టె దగ్గర కూర్చున్న కోటేష్ వైపు గబగబా నడిచింది.

"మొదట్నించీ పెట్టయ్యా."

"మళ్ళీనా పెద్దమ్మా? వేరేవాళ్ళ వంతు వచ్చింది."

"రానియ్. వాళ్ళు పిల్లలు, ఆగుతారు. ఆ మూడో ప్రశ్నకి ఇంకో జవాబు తోచింది, పెట్టు."