బెల్లం డ్రమ్ముల్లో మా చుట్టాలు

ఆ రోజుల్లో నాకు ధైర్యం ఎంత సులువుగా వచ్చేదో తలుచుకుంటే ఇప్పుడు నాకే నవ్వొస్తుంది. ఎనిమిదో తరగతితో బడి మానేసిన నేను, భీమవరం పక్క ఊరికి కాపురానికొచ్చిన కొత్తలో, ఏకంగా ఎక్సైజు వాళ్ళకి బాక్టీరియా పాఠం చెప్పాను. (నవ్వకండి, వాళ్ళు విన్నారు కూడా.)

మాకున్నది ఒకే ఒక్క రొయ్యల చెరువు. ఆ వేసవిలో అడుగున బురద కుళ్ళి నీళ్ళు కంపు కొట్టాయి, రొయ్యలు మేత ముట్టడం మానేశాయి. మేత కొట్టాయన మంచి బాక్టీరియా ఇచ్చి, బెల్లం నీళ్ళలో పులియబెట్టి తెల్లారేసరికి చెరువులో పోయమన్నాడు. పోయకపోతే పంట మీద ఆశ వదులుకోవడమే. గాలి పంపు పెట్టిన ఒక డ్రమ్ములో తవుడుతో పొట్లం బాక్టీరియా, ఇంకోదానిలో పెరుగు బాక్టీరియా కలిపి, మా ఆయన పనిమీద భీమవరం వెళ్తూ రెండూ నాకప్పగించారు. మధ్యాహ్నానికి ఆ పులిసిన బెల్లం వాసన వీధి దాటింది. సాయంత్రానికి వాకిట్లో జీపు ఆగింది.

"ఏంటమ్మా, పట్టపగలే సారాకి ఊట వేశారా? పారబోయవయ్యా!" అన్నారు ఇన్‌స్పెక్టరుగారు. కానిస్టేబులు డ్రమ్ము మీద చెయ్యి వేశాడు. నేను డ్రమ్ముకి అడ్డంగా నిలబడ్డాను. "పారబోస్తే మా రొయ్యలు చచ్చిపోతాయండీ! అవి బాక్టీరియా అండీ!" అన్నాను. "ఏం బాక్టీరియా?" అన్నారాయన.

అడగకుండా ఉండాల్సింది. కొట్టాయన చెప్పిన రకాలన్నీ చుట్టాల వరసలో పెట్టుకుంటే గానీ నాకు గుర్తుండేవి కావు. "ఈ డ్రమ్ములోవి మా పెద్దాడపడుచు లాంటివండి. పుల్లల్లా పొడుగ్గా ఉంటాయి, గాలాడకపోతే పని చెయ్యవు. కష్టమొస్తే గట్టి పెంకు కప్పుకుని పడుకుంటాయి, బెల్లం నీళ్ళు చూపిస్తే లేచి కూర్చుంటాయి. కిటికీలో ఆ ఎర్ర సీసాలోవి మా మావయ్యగారి లాంటివి. ఎండ తగిలితేనే హుషారు, బురద కంపంటే లెక్కలేదు. చెరువులో చేరిన చెడ్డవేమో కామాలా వంకరగా, తోకాడించుకుంటూ తిరుగుతాయి, అచ్చం మా..." అని, అరుగు మీద అత్తగారు కనపడి ఆగిపోయాను. "అయినా సారా ఊటకి ఎవరైనా గాలి పంపు పెడతారాండీ?"

ఇన్‌స్పెక్టరుగారు బుడగలు చూసి మెత్తబడ్డారు. అంతలో కానిస్టేబులు, "మరి ఆ రెండోదానికి మూత బిగించారేంటండీ?" అన్నాడు. అవి పెరుగులోవి, గాలి లేకపోయినా బతుకుతాయి. ఆ ముక్క ఇప్పుడు చెబితే నమ్మేదెవరు? నా సాక్ష్యం నా మెడకే చుట్టుకుంది.

అప్పుడు లేచారు మా అత్తగారు. మూత తీసి, గరిటె ముంచి, కానిస్టేబులు ముందు పెట్టారు. "దీని చుట్టాల గోల నాకు తెలీదు గానీ బాబూ, సారాకీ పుల్ల మజ్జిగకీ తేడా నీ నాలిక్కి తెలీదేంటి?" అతను వేలు ముంచి నాకాడు. రెండు కళ్ళూ మూసుకుపోయాయి. "మజ్జిగేనండి సార్! వారం నాటిది."

జీపు వెళ్ళిపోయింది. తెల్లారి రెండు డ్రమ్ములూ చెరువులో పోశాం, మెల్లగా రొయ్యలు మేతకొచ్చాయి. పంట చేతికొచ్చాక కూడా మా అత్తగారు అడుగుతూనే ఉండేవారు: "ఆ వంకరవి ఎవరిలాంటివన్నావే అమ్మాయ్?" నేను చచ్చినా చెప్పలేదు.

ఇప్పుడు డ్రమ్ములు మా కోడలు చూసుకుంటోంది. మొన్న పక్క చెరువు వాళ్ళావిడకి నా చుట్టాల పాఠమే చెబుతూ, వంకరవాటి దగ్గరికొచ్చి, అరుగు మీదున్న నన్ను చూసి ఆగిపోయింది. ఎవరిలాంటివని నేను అడగలేదు.