మీనా వదిన పెట్టిన మేత

మా మీనాకుమారి వదినకి కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆత్రేయపురంలో ఆ సంగతి తెలియనివాళ్లు లేరు. ఆడపడుచుని కాబట్టి చాడీలు చెబుతున్నాననుకుంటారేమో, అబ్బే, ఆవిడ చేత్తో తీసిన పూతరేకు నోట్లో వేసుకుంటే నేనైనా అన్నీ మరిచిపోతాను. మా అన్నయ్య కుక్కుటేశ్వరరావు పూతరేకుల కొట్లో గల్లాపెట్టె దగ్గర కూర్చుంటాడు. చాకిరీ అంతా వదినదే.

మూడేళ్ల కిందట పెరట్లో పడేసిన కుండలో తేనెటీగలు కాపురం పెట్టాయి. మంట మీద బోర్లించి రేకులు తీసే కుండ అది, నెర్రె విచ్చిందని పక్కన పారేసింది. పొగ పెట్టి తోలేద్దామన్నాడు అన్నయ్య. పంచదార పొడి కోసం కొట్లోకి వచ్చే ఈగలతో వేగలేక అప్పటికే దోమల బ్యాట్ కొన్నాడు మరి. వదిన ఊరుకుంటుందా? నా కుండలోకి వచ్చాయంటే నా ఇంటికి వచ్చినట్టేనని, రావులపాలెం వైపు కొబ్బరితోటల్లో తేనెపెట్టెలు పెట్టే పల్లంరాజు గారిని పిలిపించింది. ఆయన పట్టుని జాగ్రత్తగా కోసి, చెక్కపెట్టెలోని చట్రాలకి అరటినారతో కట్టి, రాణి ఈగతో సహా అందరినీ అందులోకి మార్చేశారు.

ఇక వదినకి అవే లోకం. మేత ఎక్కడుందో ఒక ఈగ నడుం ఊపుతూ ఆడి చూపిస్తే మిగతావి తిన్నగా అక్కడికే వెళతాయట. మీ అన్నయ్యకి ఫోన్‌లో మ్యాప్ పెట్టినా దారి తెలీదు కదా అని నాతో అనేది. మగ ఈగలు గూట్లో పనేమీ చెయ్యవని వదిన చెప్పిన రోజున, అన్నయ్య గల్లాపెట్టె ముందు కూర్చోబుద్ధి కాక కాసేపు నిలబడ్డాడు.

గోడ అవతల పాపాయి కౌలుకి దోసపాదులు వేసింది. పొద్దుటే పురుగుమందు కొడితే పూల మీద వాలిన ఈగలు చస్తాయి కాబట్టి, సాయంత్రం అవి గూటికి చేరాకే కొట్టమని వదిన ఆమె దగ్గర మాట తీసుకుంది. పాపాయి ఆ మాట తప్పలేదు. ఈగలు తిరగబట్టే కాపు బాగుందని ఆమె కూడా సంబరపడేది.

కిందటి శ్రావణంలో ముసురు పట్టింది. పూలన్నీ తడిసి ముద్దయ్యాయి, ఈగలు గడప దాటే వీల్లేదు. అలాంటప్పుడు పంచదార నీళ్లు పెట్టమని పల్లంరాజు గారు ముందే చెప్పారు. వదినకి ఆ మాట రుచించలేదు. కొట్టుకి వచ్చిన ప్రతివాళ్లూ పంచదారవి వద్దండీ, బెల్లంవి ఇవ్వండి, ఒంటికి మంచిది అంటుంటే తన ఈగలకి పంచదారా? రేకులకి వాడే మేలురకం బెల్లం కరిగించి పెట్టింది.

నాలుగు రోజులు తిరక్కుండా ఈగలు ఎగరలేక నేల మీద పాకాయి. పెట్టె ముందు గుప్పెళ్లకొద్దీ చచ్చి పడ్డాయి. వదిన గోడ దగ్గరికి వెళ్లి, వాన కాస్త సన్నగిల్లిన పూట పగలే మందు కొట్టి నా పిల్లల్ని పొట్టన పెట్టుకున్నావని పాపాయిని వీధంతా వినేలా కడిగేసింది. కొట్టలేదండి అని ఒక్కసారే చెప్పి పాపాయి తలొంచుకుంది. నేను పక్కనే ఉండి నోరెత్తలేదు. ఇప్పటికీ తలుచుకుంటే సిగ్గేస్తుంది.

మిగిలినవాటికి బలం రావాలని వదిన ఇంకాస్త బెల్లం పోసింది. వారానికి వాన తెరిపిచ్చాక పల్లంరాజు గారు వచ్చారు. పెట్టె గుమ్మం మీద గోధుమరంగు మరకలు చూసి, ఏం పెడుతున్నారని అడిగారు. బెల్లమండీ, మంచిరకమే అని వదిన గొప్పగా చెప్పింది. ఆయన తల పట్టుకున్నారు.

"బెల్లం మనకి మంచిదండి, వీటికి అరగదు. విరేచనాలు పట్టుకుంటాయి. ఇవి గూట్లో మలినం చెయ్యవు, బయటికే వెళ్లాలి. వానేమో వెళ్లనివ్వలేదు. చంపింది మందు కాదండీ, మేత."

వదిన అరుగు మీద కూలబడింది. రాణి బతికే ఉంది, గుడ్లూ ఉన్నాయి. పల్లంరాజు గారు పెట్టె తుడిచి, పాడైన పట్టు తీసేసి, తెల్ల పంచదార నీళ్లు పెట్టారు. అవి బతుకుతాయని ఆయన చెబుతూనే ఉన్నారు, వదిన చెప్పులేసుకుని పాపాయి దగ్గరికి బయల్దేరింది. నేనూ వెనకే వెళ్లాను.

పాపాయి గట్టు మీద కూర్చుని దోసకాయలు ఏరుతోంది. బుట్టలో సగానికి పైగా పుచ్చులే. తప్పంతా తనదేనని వదిన బెల్లం సంగతి చెప్పింది. పాపాయి చేతిలో ఉన్న కాయని బుట్టలో పడేసింది.

"అయితే నా చెయ్యి కాదన్నమాట అక్కగారూ," అంది. "మీరంతలా అంటే నాకూ అనుమానమొచ్చిందండి. సాయంత్రం కొట్టిందే ఆకుల మీద ఉండిపోయి చంపిందేమోనని, ఆ రోజు నుంచీ మందు డబ్బా ముట్టుకోలేదు."

వదిన పుచ్చిన దోసకాయలన్నీ కొంగులో పోసుకుంది. ఇంటికొచ్చి, పురుగు తొలిచినమేర కోసి పారేసి, మిగిలినదాంతో పప్పు వండింది. అన్నయ్య కంచం ముందు కూర్చుని, మంచి కాయలు దొరకలేదా అని అడిగాడు.

"నా నోటి వల్ల పుచ్చిన కాయలండీ ఇవి, తినండి," అంది వదిన కళ్లు తుడుచుకుంటూ.

అందరం తిన్నాం.