బంతి లేని చోటు

మా డ్రిల్లు అయ్యవారు పోయారని పోయిన ఆదివారం పొద్దున ఆయన కూతురు ఫోన్ చేసి చెప్పింది. పది రోజులుగా అన్నం సరిగా తినలేదట. నేను తిరుపతి నుంచి చంద్రగిరికి బస్సులో పోయాను.

ఆయన మాకు ఫుట్‌బాల్ నేర్పారు. ఊరంతా క్రికెట్ ఆడుతుంటే, బడి వెనక గులకరాళ్ల నేల మీద మమ్మల్ని పొద్దునా సాయంత్రం పరుగెత్తించేవారు. మాకు బూట్లు లేవు. బంతిలో గాలి పోతే సైకిల్ అంగడిలో కొట్టించుకుని తనే చంకన పెట్టుకుని వచ్చేవారు. ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. అందరమూ బంతి వెంట గుంపుగా పడితే మాత్రం విజిల్ వేసి ఆపేవారు.

"బంతి ఉండే సోట అందరూ ఉంటారురా. బంతి లేని సోటు యాడుందో సూడు. ఆడికి పో."

మేము పదో తరగతిలో ఉండగా ఆయన స్కూటర్ మీద నుంచి పడి మోకాలి దగ్గర కాలు విరిగింది. పుత్తూరులో వెదురు బద్దలు పెట్టి ఎముకల కట్టు కట్టారు. రెండో కట్టుకు రమ్మన్న రోజే చిత్తూరులో మా మ్యాచ్. ఆయన పుత్తూరు పోలేదు. నడవడానికి ఆ బద్దలు అడ్డమని కట్టు విప్పేసి, గీత పక్కన కర్ర పట్టుకుని ఆటంతా మాతోపాటు అటూ ఇటూ తిరిగారు. మేము ఓడిపోయాం. ఆ మోకాలు మళ్లీ నిటారుగా సాగలేదు. భార్య తిడితే, "ఆ పిల్లోళ్లకు ఇంకో మ్యాచ్ వస్తాదా?" అనేవారు.

రిటైరైన చాలా ఏళ్లకు, భార్య కూడా పోయాక, ఇంగ్లండుకు తీసుకుపోయి ఫుట్‌బాల్ మ్యాచ్‌లు చూపించే టూరు ఉందని ఆయనకు తెలిసింది. తోడు రమ్మని నన్ను అడిగారు. ఫారాలు నింపింది నేనే. నడవడానికి ఇబ్బంది ఉందా అని ఒక గడి ఉంది. అక్కడ ఆగాను.

"లేదని రాయబ్బా. కుంటోడని రాస్తే పిల్సుకోని పోతారా వాళ్లు?"

లేదని రాశాను.

స్టేడియం ముందు మా గైడు పసుపు జెండా ఎత్తి పట్టుకుని తలలు లెక్కపెట్టాడు. తడ అవతలి తమిళాయన. మా సీట్లు పైన, ఎనభై మెట్లు ఎక్కాలి. అయ్యవారు తొమ్మిదో మెట్టు దగ్గర ఇనుప కమ్మీ పట్టుకుని ఆగిపోయారు. గైడు పోయి ఎవరినో అడిగి వచ్చాడు.

"లిఫ్టు ముందే రాయించుకున్నోళ్లకేనంట సార్. మీరు ఇబ్బంది లేదని రాసినారు గదా."

అయ్యవారు మెల్లగా దిగి, గోడ వారన ఉన్న బల్ల మీద కూర్చున్నారు.

"నేనూ ఈడే ఉంటా అయ్యోరూ."

"ఇద్దరూ ఈడ కూసోనేదానికా ఇంత దూరం వచ్చింది? పో. సూసొచ్చి సెప్పు."

నేను పోయాను. ఉండాల్సింది.

ఆట అయ్యాక దిగి వచ్చేసరికి ఆయన అదే బల్ల మీద, మెట్ల పైన కనిపించే ఆకాశం ముక్కకేసి చూస్తూ ఉన్నారు.

"రెండో గోలు బయటి జట్టోళ్లు ఏసినారు గదా," అన్నారు. "అరుపు సన్నగా, దూరం నుంచి ఇనపడె."

"ఔను అయ్యోరూ."

"గడ్డి ఎట్లుండాది?"

"పచ్చగా ఉండాది."

"అది టీవీలో నేనూ సూసినా. తడిగా ఉండిందా, లేదా?"

నేను చూడలేదు.

"బంతినే సూసింటావు. నువ్వు అప్పుడూ అంతే."

రెండో మ్యాచ్ రోజు ఆయన బస్సు దిగలేదు. చలి అన్నారు. ఊరికి వచ్చాక టీ అంగడి దగ్గర ఎవరడిగినా, "సూసినాం, బాగుండె," అని నా వైపు తిరిగేవారు. ఆట నేను చెప్పేవాణ్ణి. వాళ్లతోపాటు ఆయనా వినేవారు.

ఆదివారం మధ్యాహ్నం పాడె మీద పడుకోబెట్టాక, కట్టేవాళ్లు ఆ కాలును సాపు చేయాలని చూశారు.

"అది రాదప్పా, ఇడిసిపెట్టండి," అన్నాను.

అప్పటి జట్టులో నలుగురం దొరికాం. ఎత్తుకున్నాం. ఆయనలో బరువే లేదు. ఆ రోజు ఎనభై మెట్లూ ఎత్తుకుని ఎక్కించడానికి నేనూ గైడూ చాలేవాళ్లం. పాడె వెనక కొమ్ము నాది. బడి వెనక నేల దాటేదాకా, పూలదండల కింద నుంచి ఆ మోకాలు ఒక్కటే పైకి లేచి కనిపిస్తూ ఉంది.