మా పెద్దబాపు భయం, రెండు చెక్క హారన్లు

మా పెద్దబాపు పోయాడని అమ్మ ఫోన్ చేసినప్పుడు నేను మొయినాబాద్‌లో బస్సు దిగి నేను పాఠాలు చెప్పే బడికి నడుస్తున్నాను. ఆమె మాట పూర్తికాకముందే నా నోటి నుంచి "కరెంటా అమ్మా?" అని వచ్చేసింది.

"కాదు బిడ్డా. పొద్దుగాల చాయ తాగిండు. గోడకు ఒరిగి కూసున్నడు. గట్లనే పోయిండు."

రోడ్డు పక్కన నిలబడి ముందు గుండెల నిండా ఊపిరి పీల్చుకున్నాను. ఏడుపు ఆ తర్వాత వచ్చింది. చావు కబురు విని తేలికపడ్డందుకు ఇప్పటికీ సిగ్గుగానే ఉంది. కానీ ఆయన్ని ఎరిగినవాళ్లు ఆ ప్రశ్నకు నన్ను తప్పుపట్టరు. ముప్పై ఏళ్లుగా మా ఇంట్లో ఫోన్ వేళకాని వేళ మోగితే అందరికీ ముందు వచ్చే అనుమానం అదే.

ఆయన మా బాపుకు, అంటే మా నాన్నకు, అన్న. పెద్దమ్మ నేను పుట్టకముందే పోయింది, పిల్లలు లేరు. అన్నదమ్ములిద్దరూ చేవెళ్లలో మైక్ సెట్ నడిపేవాళ్లు. పెళ్లిళ్లకూ ఊరేగింపులకూ షాబాద్ దాకా పోయేవాళ్లు. నాకు ఎనిమిదేళ్లప్పుడు శ్రావణ మాసంలో మా వాడలోనే ఒక పెళ్లి జరిగింది. వాన అప్పుడే వెలిసింది. మైకు గొట్టాలైన హారన్లలో గుయ్‌మనే చప్పుడు ఎక్కువగా ఉందని బాపు ఆ పొద్దున ప్లగ్గుకుండే లావుపాటి మూడో పిన్ను విరగ్గొట్టాడట. దారి తప్పిన కరెంటును నేలలోకి పంపేది ఆ పిన్నే. చప్పుడైతే పోయింది. మధ్యాహ్నం బాపు తడి నేల మీద చెప్పుల్లేకుండా నిలబడి, ఇనుప మైకు స్టాండు పట్టుకుని చుట్టాలను భోజనాలకు పిలుస్తున్నాడు. నేను మా వాకిట్లో ఆడుకుంటూ వింటున్నాను. ఆయన గొంతు ఒక మాట మధ్యలో ఆగిపోయింది. మైకు పాడైందనుకుని నేను మళ్లీ ఆటలో పడ్డాను.

ఆ రోజు నుంచి పెద్దబాపు భయస్తుడయ్యాడు. ఎవరింటికి పోయినా కూర్చోకముందే మెయిన్ స్విచ్చి ఎక్కడుందో అడిగేవాడు. ఫ్రిజ్జు తలుపైనా, బోరు పైపైనా ముందు వేళ్ల వెనకవైపుతో తాకి చూసి గానీ పట్టుకునేవాడు కాదు. అరచేత్తో పట్టుకుంటే చెయ్యి బిగుసుకుపోయి వదలదని మాకు వందసార్లు చెప్పి ఉంటాడు. ఆయన జేబులో పెన్ను ఉండాల్సిన చోట, కరెంటు ఉందో లేదో చూసే టెస్టర్ ఉండేది. చేవెళ్ల బజారులో ఆయన్ని ఆటపట్టించని దుకాణదారు లేడు. గుడిలో దండం కూడా వెనక చేతులతోనే పెడతావా అని అడిగేవాళ్లు. ఆయన నవ్వేవాడు. నవ్వి, వాళ్ల దుకాణంలో వైర్లు ఎలా ఉన్నాయో చూసి వచ్చేవాడు.

నన్ను పట్నంలో హాస్టల్లో దింపడానికి వచ్చినప్పుడు బకెట్లో పెట్టి నీళ్లు కాచే రాడ్డు చూసి గడప దగ్గరే ఆగిపోయాడు. గదిలోని ఆడపిల్లలందరినీ వరసగా నిలబెట్టి, రాడ్డు తీసేదాకా నీళ్లలో వేలు పెట్టబోమని ఒట్టు వేయించుకున్నాడు. వాళ్లు నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని నవ్వుతున్నారు. నేను సిగ్గుతో చచ్చిపోయాను. మెట్లు దిగుతూ ఆయన, "సప్పుడు చేసేదానికి భయపడకు బిడ్డా. సప్పుడు చెయ్యనిదానికే భయపడాలె" అన్నాడు. నాలుగేళ్లు ఆ హాస్టల్లో నన్ను ఆ మాటతోనే ఏడిపించారు. ఒట్టు మాత్రం ఎవరూ తప్పలేదు.

బాపు పోయిన వారానికే పెద్దబాపు ఇనుప హారన్లను పాత సామాన్లవాడికి ఇచ్చేశాడు. ఆ చావుకూ హారన్ రేకుకూ సంబంధం లేదని ఆయనకు అందరికన్నా బాగా తెలుసు. తెలిసినా భయం వినలేదు. రెండేళ్లు కూర్చుని, టేకు పట్టీలు చీల్చి, ఒకదానికొకటి జిగురుతో అంటించి, మనిషెత్తు హారన్లు రెండు చేశాడు. లోపలంతా చేత్తోనే నున్నగా రుద్దాడు. ఇనుప మేకు ఒక్కటి కూడా వాడలేదు. నోటి దగ్గర అవి ఎంత వెడల్పంటే తమ్ముడూ నేనూ వాటిలో దాక్కునేవాళ్లం. వాటిలోంచి వచ్చే మాట గరగర లేకుండా, ఎదురుగా మనిషి కూర్చుని మాట్లాడినట్టు మెత్తగా ఉండేది. విన్నవాళ్లంతా మెచ్చుకున్నారు. ఆయన మాత్రం వాటి ముందు ఒక్కసారి కూడా కూర్చోలేదు. డీజే బాక్సులు వచ్చాక మైక్ సెట్ మూతపడింది. హారన్లు కొట్టంలో గోనెపట్టాల కింద ఉండిపోయాయి.

పోయిన ఏడాది ఆయన చేతులు వణకడం మొదలైంది. వైరు పట్టుకుని సరిగ్గా బిగించలేకపోయేవాడు. అదే సమయానికి నా తమ్ముడు, వినాయక చవితి పందిరికి ఆ హారన్లు బయటికి తీస్తానన్నాడు. వానాకాలం, వీధిలో పందిరి, స్తంభం నుంచి లాగిన కరెంటు. ఆ పూట పెద్దబాపు అన్నం ముట్టలేదు.

"నేనున్నన్ని దినాలు ఆపుత. నేను పోయినంక ఎవరాపుతరు? అమ్మెయ్యాలె బిడ్డా" అన్నాడు నాతో.

అమ్మడమూ ఆయనకు భయమే. కొన్నవాడికి ఏమన్నా అయితే ఎట్లా అని. షాబాద్ నుంచి వచ్చిన ఫంక్షన్ హాల్ ఆయన్ని, ముందు కరెంటును నేలలోకి దింపే మీ ఎర్తు గుంత చూపించమన్నాడు. అతను నవ్వి వెళ్లిపోయాడు. చందనవెల్లి వైపు నుంచి వచ్చిన ఇంకొకతను నవ్వలేదు, తిట్టి వెళ్లాడు. తమ్ముడు రోజూ కొట్టం తాళం అడుగుతున్నాడు. చవితి ఇక పదిరోజులే ఉంది. తాళం ఇస్తే తమ్ముడు ఏమవుతాడో అని ఇటు, ఇంకెవరికో ఇస్తే వాళ్లేమవుతారో అని అటు, ఆయన కొట్టం ముందే మంచం వేసుకుని కూర్చున్నాడు.

నేను ఫోన్లో పెట్టిన ఫోటోలు చూసి మొయినాబాద్ ఫాంహౌస్ సారు ఒకాయన పిలిచాడు. పాత పాటలంటే ఆయనకు పిచ్చి. హారన్లను ట్రాలీ ఆటోలో పరుపుల మీద పడుకోబెట్టాం. ముందు కూర్చోమంటే పెద్దబాపు వినలేదు, వెనక వాటిని పట్టుకుని కూర్చున్నాడు. లారీలు రాసుకుంటూ పోతుంటే నేను దారి పొడుగునా వెనక్కి తిరిగి ఆయన్నే చూస్తూ వచ్చాను.

ఫాంహౌస్‌లో పచ్చికకు అప్పుడే నీళ్లు పెట్టారు. సారు హారన్లను ఈతకొలను పక్క వరండాలో నిలబెట్టించి, తన ఆంప్లిఫైయర్ తెప్పించి వైర్లు తగిలించాడు. బీరువాలా బరువైన ఇనుప పెట్టె అది. పాట మొదలైంది. గుయ్‌మన్న చప్పుడు లేశమైనా లేదు. సారు ముఖం వెలిగిపోయింది. పెద్దబాపు ముఖంలో మాత్రం నెత్తురు చుక్క లేదు. సారు పచ్చికలోకి నడిచి దూరం నుంచి విన్నాడు. చెప్పుల్లేని తడి కాళ్లతో తిరిగి వచ్చి, సౌండ్ పెంచడానికి పెట్టె మీదికి చెయ్యి చాచాడు. జన్మలో ఎవరినీ ఏరా అనని మా పెద్దబాపు చేతికర్ర ఎత్తి సారు మణికట్టు మీద కొట్టాడు.

మేనేజరు పరుగెత్తుకొచ్చి ఆయన రెక్క పట్టుకున్నాడు. కొడతారేమో, పోలీసులను పిలుస్తారేమో అని నేను భయపడ్డాను. పెద్దబాపు రెండో చేత్తో టెస్టర్ తీసి పెట్టెకు ఆనించాడు. అందులోని చిన్న దీపం ఎర్రగా వెలిగింది.

"మెయిన్ బంద్ చెయ్యిండ్రి" అన్నాడు నెమ్మదిగా.

ప్లగ్గు ఊడదీసి చూస్తే మూడో పిన్ను లేదు. చప్పుడు రాకూడదని బిగించినవాడు కోసేశాడట. సారు మణికట్టు పట్టుకుని వరండా మెట్టు మీద కూలబడ్డాడు. "దెబ్బ గట్టిగానే తగిలింది పెద్దాయనా" అన్నాడు.

"మా తమ్మున్ని కొట్టెటోడు లేకుండె సార్" అన్నాడు పెద్దబాపు.

బాపు గురించి ఆయన పరాయివాళ్లతో మాట్లాడగా నేను వినడం అదే మొదలు. మళ్లీ వినలేదు కూడా.

ఆ రోజు హారన్లు అక్కడ వదల్లేదు, చేవెళ్లకే తెచ్చాం. సారు ఎర్తు గుంత తవ్వించి, ఉప్పూ బొగ్గూ వేయించి, కొత్త ప్లగ్గు పెట్టించి చవితికి ముందురోజు కబురు చేశాడు. పెద్దబాపు వెళ్లి, గుంత ఎండితే పనిచెయ్యదని అందులో తన ముందే నీళ్లు పోయించి, అన్నీ తాకి చూసి, అప్పుడు అమ్మాడు. చెక్కతో చేస్తే పాట ఇంత బాగా పలుకుతుందని మీకెలా తెలిసింది అని సారు అడిగాడు. "నాకు పాట సంగతి తెల్వది సార్. ఇనుమంటె భయం, గంతే" అన్నాడు ఈయన. ఆ తర్వాత ప్రతి ఆదివారం ఫోన్ చేసి, గుంతలో నీళ్లు పోశారా అని అడిగేవాడు. పోశామని సారు ఓపికగా చెప్పేవాడు. తమ్ముడు మాత్రం నెలరోజులు పెద్దబాపుతో మాట్లాడలేదు.

ధైర్యవంతుల గురించి రాసేవాళ్లు చాలామంది ఉన్నారు. నేను ఒక భయస్తుడి గురించి రాస్తున్నాను. ఆయన మాకు తిండి పెట్టాడు, చదివించాడు, అన్నిటికన్నా ఎక్కువగా మా కోసం భయపడ్డాడు. ఆ భయం నాకూ వచ్చింది. ఒకప్పుడు అది చూసి నవ్వినందుకు ఇప్పుడు బాధగా ఉంది.

నేను ఇల్లు చేరేసరికి సన్నగా వాన పడుతోంది. వాకిట్లో టెంటు, టెంటు కింద ఫ్రీజర్ పెట్టె, దానిలో పెద్దబాపు. తమ్ముడే తెప్పించాడు, ప్రేమతోనే. పక్కింటి నుంచి లాగిన వైరు బురదలోంచి వస్తోంది. ఆడవాళ్లు పెట్టె అంచు పట్టుకుని ఏడుస్తున్నారు. అమ్మ దాని మీద వాలిపోయి ఉంది. ఎవరికీ చెప్పకుండా పక్కింట్లోకి పోయి ప్లగ్గు పీకేశాను.

తమ్ముడు వెంటనే వచ్చాడు. "నలుగురు చూస్తున్నరక్కా. గిట్ల చేస్తరా?"

"నాకు భయమైతున్నదిరా. ఐసు తే" అన్నాను.

వాడు నా ముఖం చూశాడు. ఐసు కోసం బండి తీశాడు.

పెద్దబాపును పెట్టెలోంచి తీసి మంచం మీద పడుకోబెట్టాం. చుట్టూ ఐసు గడ్డలు పేర్చాం. మధ్యాహ్నానికి అవి కరిగి నీళ్లు వాకిలంతా పారాయి. వచ్చినవాళ్లంతా ఆ నీళ్లలోనే చెప్పుల్లేకుండా నిలబడి ఆయన్ని తాకి పోతున్నారు. బాపు పోయిన రోజు, కరెంటు ఇంకా పోలేదు, ముట్టుకోవద్దని అరుస్తూ అమ్మను నలుగురు పట్టుకుని ఆపారట. ఇప్పుడు ఆమె తడి నేల మీద కూర్చుని, పెద్దబాపు పాదాలను రెండు అరచేతులా పట్టుకుని, పాడె లేపేదాకా వదల్లేదు.