గుర్రం ముందు విప్పిన పేపరు

నేను పేపరు విప్పాను. గుర్రం సకిలిస్తూ రెండు కాళ్ళ మీద లేచింది. దాన్ని చూసి పోవడానికి పుణె నుంచి వచ్చిన పెద్దమనిషి ఆ సకిలింపుకే టీ కప్పు పట్టుకుని ఇటు తిరిగాడు.

ఆ రోజుల్లో సికింద్రాబాదు కుర్ర విలేకరికి అచ్చులో తన పేరు పడితే, దాన్ని ఎవరికో ఒకరికి చూపించేదాకా అన్నం అరిగేది కాదు. లాలాగూడ రైల్వే క్వార్టర్స్ నుంచి, అప్పటికి రాళ్ళూ తుప్పలే ఉన్న యాప్రాల్ దాకా నేను సైకిలు తొక్కింది అందుకే. (పందేలు పాపమని నమ్మే మా నాన్నకు చర్చి పని అని చెప్పాను. అది ఇంకో పాపం.)

అక్కడ ఒక దొరగారి లాయంలో పందెపు గుర్రం ఉండేది. పరుగులో గాలి, బుద్ధిలో కోతి. పందెం మొదలుపెట్టే ఇనుప గేటులోకి వెళ్ళనని మొండికేసి, గెలవాల్సిన పందేలు ఎన్నో పోగొట్టుకుంది. దాన్ని చూసుకునే సైసును అందరూ తాత అనేవారు. ఆయన రెండేళ్ళు దాని పక్కనే పడుకుని, చెవిలో కబుర్లు చెప్పి దారిలో పెట్టాడు. తర్వాత అది వరసగా గెలిచింది. ఇప్పుడు పుణె ఆయనకు నచ్చితే గుర్రపు పిల్లలను పుట్టించే ఫారానికి వెళుతుంది, తోడుగా తాతా వెళతాడు. నచ్చకపోతే పిల్లలు పుట్టకుండా విత్తు కొట్టించి ఎవరికో అమ్మేస్తారు.

"కాలు ఖరాబైతే దానొక్కదానికే తక్లీఫ్ సార్. బుద్ధి ఖరాబైతే పిల్లలకు సుత వస్తది. గాయన కాళ్ళకన్న ముందు కండ్లు జూస్తడు," అని తాతే నాకు చెప్పాడు. నేను అదంతా రాసి, 'గొర్రెపిల్లగా మారిన గుర్రం' అని శీర్షిక పెట్టాను.

దొరగారికి తెలియకుండా తాత నన్ను వెనక దారిన రానిచ్చాడు. ఆయనకు చదువు రాదు, కనీసం ఫొటో అయినా చూస్తాడని లాయం ముందే పేపరు బార్లా చాపాను. గాలికి ఒక పేజీ ఊడి, గొర్రెపిల్ల ముఖానికి చుట్టుకుంది.

పుణె ఆయన తిరిగేసరికి నీళ్ళ బకెట్టు గాల్లో ఉంది, పేజీ నా చొక్కాలో ఉంది, నేను గడ్డి మోపు వెనక ఉన్నాను. (ఆ వేగం చూస్తే నన్నే కొనేవాడు.)

"ఏమైంది?" అన్నారు దొరగారు.

తాత గడ్డి మోపు వైపు చూశాడు. నేను కదల్లేదు. "జోరీగ గుట్టింది దొరా," అన్నాడు.

"ఈగకే ఇంతయితే, దీని పిల్లలు గేటు ముందు ఏం చేస్తాయో," పుణె ఆయన హిందీలో అని, నవ్వి కారెక్కాడు.

తాత మెల్లగా నా దగ్గరికొచ్చాడు. "పేపరుకు ఏ గుర్రమైనా బెదురుతది సార్. నేను జెప్తే నా నౌకరి పోతుండె. మీరు జెప్తే ఏం పోతుండె?"

వారం తర్వాత ధైర్యం తెచ్చుకుని వెళ్ళేసరికి లాయం ఖాళీ. విత్తు కొట్టించి అమ్మేశారని, తాత కూడా వెళ్ళిపోయాడని కాపలా మనిషి చెప్పాడు. ఎక్కడికో అతనికీ తెలియదు.

ఇప్పటికీ నేను పేపరును చప్పుడు కాకుండా నాలుగు మడతలు పెట్టి చదువుతాను. మా ఆవిడ నవ్వుతుంది. విలేకరిగా ఎందరి తప్పులకో సవరణలు వేయించాను. జోరీగ మీద పడిన నింద మాత్రం ఇంకా అలాగే ఉంది.